పిన్ని, డ్రిల్లు మాస్టారు, మధ్యలో కంచె

కొండవాలు మీద ఇళ్ళు నిలుస్తాయో జారతాయో తేల్చి చెప్పడం ఆమె ఉద్యోగం. ఊరంతా కొండ డాక్టరు అంటారు. ఆమె వస్తోందంటే చాలు, ఇల్లు ఖాళీ చెయ్యమంటుందని జనం గోడల పగుళ్ళ మీద క్యాలెండర్లు తగిలించేవారు. దాంతో ఆమె గోడలు చూడడం తగ్గించి, తగాదాలు వినడం మొదలుపెట్టింది. గట్టు తగాదాలు ఎక్కువున్న చోట నేల జారుతోందని ఆమె లెక్క. జనం తమ ఇంటి పగులు దాస్తారు గానీ, పక్కింటివాడి తప్పు ఎందుకు దాస్తారు?

ఆ మధ్య భూమి కాస్త కంపించింది. వెనకే వానలు పట్టుకున్నాయి. అప్పుడు అలాంటి తగాదా ఒకటి సొంత పిన్ని పెరట్లోనే దొరికింది.

పిన్ని దర్జీ. మెడలో టేపుతో కంచె పక్కన నిలబడి ఉంది.

"చూడవే, ఈ పై ఇంటాయన కంచెని మళ్ళీ నా పెరట్లోకి జరిపాడు!"

రిటైరైన డ్రిల్లు మాస్టారు ఎగువనుంచి అరిచాడు. "నేను ముట్టుకుంటే ఒట్టు! ఆవిడే కింద తవ్వి లాక్కుంటోంది. నా బట్టల తీగ ఎలా బిగుసుకుపోయిందో చూడమ్మా!"

కొండ డాక్టరు ఎక్కి వెళ్ళి తీగను వేలితో మీటింది. టంగుమంది. ఒక కొస మాస్టారి ఇంటి గోడకి, రెండోది కంచె గుంజకి. రెండిటి మధ్య నేల చీలి ఉంది. కింద గట్టులోంచి ఊరే నీళ్ళు బురదగా వస్తున్నాయి. ఆమె మొహంలో నవ్వు ఎగిరిపోయింది.

"ఇద్దరూ నిజమే చెబుతున్నారు. కంచె జరిపింది కొండ. అదురుకి మట్టి వదులైంది, ఇప్పుడు నీళ్ళు దిగుతున్నాయి. ఇవాళే ఇళ్ళు ఖాళీ చెయ్యాలి."

"నేను పోతే ఈయన కంచె నా పొయ్యి దాకా తెస్తాడు."

"నేను పోతే ఈవిడ నా గుమ్మం దాకా నెడుతుంది."

చావంటే ఇద్దరికీ లెక్కలేదు. భయమల్లా ఒకరంటే ఒకరికే. వీళ్ళకి మ్యాపులు చూపించడం దండగని ఆమెకి అర్థమైంది.

"అయితే ఇద్దరూ ఒకే జీపులో దిగండి. కింద బడిలో ఒకే గదిలో ఉండి ఒకరినొకరు కాపలా కాయండి. ముందు ఎవరు జారుకుంటే వాళ్ళే దొంగ."

పిన్ని ఆలోచించింది. మాస్టారూ ఆలోచించాడు. బేరం నచ్చింది.

బడిలో పిన్ని మంచినీళ్ళకి లేచినా మాస్టారు ఈల ఊదేవాడు. మాస్టారు స్నానానికి వెళ్తే పిన్ని తలుపు బయట కుర్చీ వేసుకునేది. కొండ డాక్టరు నవ్వు దాచుకోడానికి నోటికి కొంగు అడ్డం పెట్టుకునేది, కళ్ళు మాత్రం వాన మీదే.

ఒక మధ్యాహ్నం కొండ గర్జించింది. కంచె, పిన్ని ఇల్లు, మాస్టారి వంటగది అన్నీ కలిసి రోడ్డు మీదికి వచ్చేశాయి. గదిలో ఈల మోగలేదు.

వాన తెరిపిచ్చి, వాలు కుదుటపడ్డాకే ఆమె ఇద్దరినీ అక్కడికి తీసుకెళ్ళింది. బురదకుప్ప మీద కంచె మాత్రం తీగ తెగకుండా పడి ఉంది. పిన్ని భోరుమంటుందేమోనని కొండ డాక్టరు ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది.

పిన్ని ముక్కు చీది, మెడలో టేపు తీసింది.

"మాస్టారూ, ఆ కొస పట్టుకోండి. ఇప్పుడు కంచెకి ఎవరి వైపు ఎక్కువుందో తేలిపోవాలి."

మాస్టారు కళ్ళు తుడుచుకుని, కొస పట్టుకుని అన్నాడు.

"లాగకండి మరి. సరిగ్గా కొలవండి."