అడవిలో వాకిలి

జఫర్‌గఢ్‌లో తన ఇంటిని రజాకార్లు తగలబెట్టాక సాయవ్వ దళంతో పాటు కాటారం అడవికి వచ్చింది. అరవై దాటిన మనిషి. బొడ్లో ఈత చీపురు దోపుకునే నడిచేది. ఎక్కడ మకాం దిగినా చీమలు లేని మెరక తనే వెతికేది. పొగ లేవని ఎండుపుల్లలే పొయ్యిలో పెట్టేది. వాగు ఇసుకలో చెలిమె తవ్వితే, నీళ్లు తేటపడేదాకా ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. బయలుదేరేముందు మాత్రం పడుకున్న చోటంతా అద్దంలా ఊడ్చేది. దళనాయకుడు రాజలింగం తల పట్టుకున్నాడు. "అవ్వా, అడవిల జాగ గింత మంచిగ ఊకితే, మనం గీడ పన్నమని రజాకార్లకు చెప్పినట్టే గదనే!"

"పన్న జాగ ఊకకుంట ఎట్ల పోతం బిడ్డా?" అంది. అయినా నేర్చుకుంది. ఊడ్చిన ఆకులనే తడి వైపు కిందికి, ఎండిన వైపు పైకి వచ్చేలా మళ్లీ పరిచేది.

ఒక పొద్దున వాళ్లు పొదల్లోకి తప్పుకోగానే రజాకార్లు వచ్చి సరిగ్గా ఆ ఆకుల మీదే నిలబడ్డారు. అటూ ఇటూ చూసి, ఏమీ కనబడక వెళ్లిపోయారు. రాజలింగం ఊపిరి వదిలి పక్కకు చూస్తే, సాయవ్వ కొంగుతో ముఖం కప్పుకుని ఉంది.

"భయమైందా అవ్వా?"

"భయమెందుకు బిడ్డా, సిగ్గయితాంది. ఊకని వాకిట్ల నిలవడ్డరు. గిదేం ఆడదో అనుకోని పోయిండ్రేమో!"