అడక్కుండా కదలకూడదన్న రూలు

మా కాలేజీ విద్యార్థి సంక్షేమ విభాగానికి పెద్దగా వచ్చిన మేడం అంతకుముందు పాఠాలు చెప్పేది. మనసు వెన్న. పని చేయడమే తప్ప చేయించడం మాత్రం ఆవిడకి రాదు. స్కాలర్‌షిప్ దరఖాస్తు నుంచి కారే కుళాయి దాకా అన్నీ తన నెత్తినే వేసుకునేది. ఏ పిల్లైనా కన్నీళ్ళతో వస్తే చాలు, కింద మేము కాదన్నదాన్ని అక్కడికక్కడే అవునని పంపేసేది. పిల్లలకి ఆవిడ దేవత. పక్క బల్ల దగ్గర గుమాస్తాగా కూర్చున్నవాణ్ణి, నేను చెప్పకూడదు గానీ, మా మాటకి పూచికపుల్లంత విలువ లేకుండా పోయింది.

అమ్మాయిల హాస్టల్ మేట్రన్‌ని అందరం పిన్ని అనేవాళ్ళం. నోరు పెద్దది, చెయ్యి అంతకన్నా చురుకు. ఓసారి ఒక పిల్ల కళ్ళు తిరిగి పడిపోతే ఆఫీసు కారు తీయించి ఆసుపత్రికి తీసుకుపోయింది. తీరా చూస్తే ఆ పిల్ల పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు, అంతే. ఈలోగా ఆ కారు కోసం పైనుంచి వచ్చిన అతిథులు ఎండలో నిలబడ్డారు, మేడానికి చివాట్లు పడ్డాయి. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, ఆవిడ నేరుగా హాస్టల్ భోజనాల హాల్లోకి వచ్చి పిల్లలందరూ చూస్తుండగా పిన్నిని నిలదీసింది.

"కారు తియ్యమని మీకెవరు చెప్పారు? ఇకమీదట నన్నడక్కుండా ఇక్కడ ఏదీ కదలకూడదు."

పిన్ని వయసులో ఆవిడకన్నా పెద్దది. తలూపి వంటగదిలోకి వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండింది.

ఆ తర్వాత ఒక సాయంత్రం హాస్టల్లో మరో పిల్లకి కడుపునొప్పి మొదలైంది. మంచం మీద మెలికలు తిరిగిపోతోంది. కారు గుమ్మంలోనే ఉంది. పిన్ని మేడానికి ఫోను చేస్తూనే ఉంది. మేడం మీటింగులో ఉంది, మోత ఆపేసిన ఫోను ఆవిడ బల్ల సొరుగులో ఉంది. చివరికి డ్రైవరు పరుగున వచ్చి నాకు చెబితే, మీటింగు గది తలుపు తోసుకుని నేనే లోపలికి వెళ్ళాను. కారు కదిలేసరికి చీకటి పడింది. అపెండిక్స్ అప్పటికే పగిలిపోయిందన్నారు డాక్టర్లు. ఆ పిల్ల బతుకుతుందని గట్టిగా చెప్పడానికి వాళ్ళకే చాలా సమయం పట్టింది. వాళ్ళమ్మ ఆసుపత్రి వరండాలోనే కూర్చుంది. పిల్ల బతికింది.

విచారణ కమిటీ వేశారు, అక్కడి మాటలు రాసుకోడానికి నన్ను కూర్చోబెట్టారు. కారుంది, డ్రైవరున్నాడు, ఇంత తాత్సారం చేసిన మేట్రన్‌ని తీసేస్తే సరిపోతుందన్నాడు కమిటీ పెద్ద. ఉద్యోగం పోతే పిన్నికి తలదాచుకునే హాస్టల్ గది కూడా పోతుంది. అయినా ఆవిడ నోరు విప్పలేదు. మేడం కూడా ఊరుకుంటే చాలు, ఈ గండం ఆవిడకి గడిచిపోతుంది. మేడం మంచినీళ్ళు తాగింది, మళ్ళీ తాగింది.

"మేట్రన్ తప్పు లేదు. అడక్కుండా కదలొద్దన్నది నేను," అంది.

మెమో మేడానికి ఇచ్చారు, పిన్ని ఉద్యోగం నిలబడింది. గది బయటికి రాగానే మేడం పిన్ని చెయ్యి పట్టుకుంది. పిన్ని మెల్లిగా చెయ్యి వెనక్కి తీసుకుని, నెలాఖరుకి వెళ్ళిపోతానంది. ఎందుకని అడిగింది మేడం.

"నన్ను అన్నది పిల్లలందరి ముందూ, మేడం. ఒప్పుకున్నది తలుపులు మూసిన గదిలో. రేపు మళ్ళీ ఎవరికైనా ప్రాణం మీదికొస్తే నాకు ముందు ఆ హాలే గుర్తొస్తుంది. అప్పుడు నా కాలు కదలదు."

ఆ రోజే మధ్యాహ్నం మేడం భోజనాల హాలుకి వెళ్ళింది. వెనకే నేనూ వెళ్ళాను, ఉండబట్టలేక. నిలబడి, తను పిన్నిని అందరిలో అవమానించడం తప్పని, ఇక హాస్టల్ విషయాల్లో పిన్ని మాటే ఆఖరి మాటని చెప్పింది. పిల్లలు చేతులు కడుక్కోవడం కూడా మర్చిపోయి విన్నారు.

అంతా సర్దుకుందనుకుంటుండగా ఒక పిల్ల అలవాటు కొద్దీ మేడం దగ్గరికొచ్చి, స్నేహితురాలి ఇంటికి వెళ్ళి రెండు రోజులుండి వస్తానంది. మేడం అక్కడే ఉన్న పిన్నిని చూపించింది. పరీక్షలయ్యాకే అంది పిన్ని. పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, మళ్ళీ మేడం వైపే తిరిగింది. హాలంతా అటే చూస్తోంది. మేడం పెదవులు కదిలాయి. అయిపోయింది, ఒప్పేసుకుంటుంది అనుకున్నాను.

"పిన్ని చెప్పారుగా," అంది మేడం.

ఆ పిల్ల విసురుగా వెళ్ళిపోయింది. ఒక పిల్ల తనని అంత కోపంగా చూడటం ఆవిడకి అదే మొదలు, ముఖం పాలిపోయింది. పిన్ని నెలాఖరు మాట మళ్ళీ ఎత్తలేదు.