పైడికి చెప్పిన జవాబు

ఈ సంగతి మా ఆయనకి కూడా తెలియదు. మా అమ్మ పోయే ముందు ఆవిడ చెవిలోనైనా వేద్దామనుకున్నాను. నోరు రాలేదు. తొంభైల్లో జరిగింది. అప్పట్నుంచీ మింగలేకా కక్కలేకా మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

భిలాయిలో నర్సింగు చదివేవాళ్ళం, నేనూ పైడితల్లీ. మా నాన్నది ఉక్కు ప్లాంటు ఉద్యోగం, సెక్టర్ 4లో క్వార్టరు. పైడి వాళ్ళ నాన్నది పక్కనే ఉన్న చరోదాలో రైల్వే పని. రెండూ విజయనగరం వైపు నుంచి వచ్చిన కుటుంబాలే. పైడి పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే, చదివింది హిందీలో. ఇంగ్లీషు పుస్తకం దానికి కొరుకుడు పడేది కాదు. ఆఖరి ఏడాది పరీక్షలకి నేను చదివి, సగం తెలుగు సగం హిందీ కలిపి చెబితే అది వినేది.

మార్కుల్లో నేనే ముందు. కానీ వార్డులో? వార్డులో రోగులు "ఆ చరోదా దీదీని పిలవండి" అనేవారు. సూది అది వేస్తే నొప్పి తెలియదట. పరీక్షలు దగ్గర పడ్డాక మాకు చదువు చెప్పే సిస్టర్ అందరి ముందూ అనేసింది, పుస్తకాలు ఎవరైనా బట్టీ పడతారు, నర్సంటే పైడి అని. నా వైపు చూసి అనలేదు. అయినా ఒళ్ళు మండిపోయింది. ఎందుకంత మంట? నిజం కాబట్టేనా?

మర్నాడు మా క్వార్టరు ముందు చలికాలపు ఎండలో మంచం వేసుకుని కూర్చున్నాం. ఒకేసారి నలుగురు రోగులుంటే ముందు ఎవరిని చూడాలి అనే రకం ప్రశ్నలు. కాలు విరిగి కేకలు పెడుతున్న కుర్రాడు, జ్వరం మనిషి, షుగరు మనిషి, ఆయాసంతో పిల్లికూతలు వస్తూ వస్తూ ఉన్నట్టుండి చప్పుడు ఆగిన ముసలాయన.

"పిల్లికూతలు ఆగిపోనాయంటే తగ్గినట్టే కదేటే?" అంది పైడి.

ఆ ప్రశ్నలో ఉచ్చు అదే. ఆయాసం మనిషికి తగ్గీ చప్పుడు ఆగొచ్చు, లోపల గాలి దారి మూసుకుపోయీ ఆగొచ్చు. రెండోదైతే ప్రాణం మీదికొస్తుంది. అందుకే అందరికంటే ముందు ఆయన దగ్గరికే పరుగెత్తాలి. నాకు తెలుసు. బాగా తెలుసు.

"అవునే, తగ్గినట్టే. ముందు కాలిరిగినోడి దగ్గరికెళ్ళు," అన్నాను.

ఒక్క ప్రశ్న తప్పుతుంది, అంతే కదా అనుకున్నాను. నిజంగా అంతే అనుకున్నానా? రేపు అది వార్డులో నిలబడుతుందనీ, అక్కడ మంచం మీద ఉండేది ప్రశ్న కాదనీ నాకు తట్టనేలేదా, లేక తట్టినా పక్కకి నెట్టేశానా?

పరీక్ష దాకా కూడా ఆగలేదు. ఆ వారంలోనే ఇద్దరికీ ఒకే వార్డులో, ఆ సిస్టర్ కిందే డ్యూటీ పడింది. పైడి చూసే మంచాల్లో ఆయాసంతో వచ్చిన తాత ఒకడున్నాడు. పొద్దున్నుంచీ ఆయన పిల్లికూతలు వార్డంతా వినిపిస్తున్నాయి. పక్క మంచం మీద స్కూటరు మీంచి పడ్డ కుర్రాడు ఒకటే కేకలు. కాసేపటికి తాత చప్పుడు ఆగింది. పైడి ఆయన దుప్పటి సర్దింది. "అబ్ ఆరామ్ హై నా, బాబా?" అని, ఇప్పుడు నెమ్మదించింది కదా అన్నట్టు తల నిమిరి కుర్రాడి వైపు తిరిగింది. తాత పలకలేదు. పెదాలు నీలంగా మారుతున్నాయి.

మందుల బల్ల దగ్గర నుంచి నేను చూస్తున్నాను. అసలు ఒప్పుకోవలసింది ఇదీ. నాకు ముందు తట్టింది తాత కాదు. పైడి ఎలాంటి నర్సో ఇప్పుడు సిస్టర్ చూస్తుంది. అదీ నాకు ముందు తట్టింది. ఆ తర్వాతే అరిచాను. ఆ మధ్యలో ఎంతసేపు గడిచిందో నాకు తెలియదు. తెలుసుకోవాలనీ లేదు.

డాక్టరు పరుగెత్తుకొచ్చాడు. ఆక్సిజన్ పెట్టారు. తాత బతికాడు. సిస్టర్ నా భుజం తట్టింది. పైడిని మాత్రం రోగులందరి ముందూ కడిగేసింది. మనుషుల్ని చంపడానికొచ్చావా అంది. పైడి తలెత్తలేదు. నా పేరు ఎత్తలేదు. నేనూ నోరు విప్పలేదు.

డ్యూటీ దిగి బస్సు కోసం నిలబడితే నా చెయ్యి పట్టుకుంది. నిలదీస్తుందనుకున్నాను.

"నువ్వు సరిగ్గానే సెప్పుంటావే. నానే ఉల్టా అర్థం సేసుకున్నాను. నాకు ఇంగ్లీషూ రాదు, తెలుగూ సగమే. నువ్వు సూడకపోతే ఆ బాబా సచ్చిపోయేవోడు."

"కాదే" అని ఒక్క మాట అంటే సరిపోయేది. "ఏడవకు" అన్నాను.

పైడి పరీక్ష రాయలేదు. వాళ్ళ నాన్న బతిమాలాడు, వచ్చి రాయమని సిస్టరే కబురు పంపింది. రోగిని ముట్టుకోవాలంటే చేతులు వణుకుతున్నాయంది. పెళ్ళయి భిలాయిలోనే స్మృతి నగర్ వెళ్ళింది. జాకెట్లు కుట్టేది. నేను పాసయ్యాను, ఉద్యోగం చేశాను, కొత్త నర్సులకి ఇదే పాఠం చెప్పాను. ఎంత బాగా చెబుతారో అనేవాళ్ళు.

చాలా ఏళ్ళకి బజారులో కనిపించింది. కూతురికి నన్ను చూపించి, ఈ మౌసీ, అంటే పిన్ని, ఒక మనిషి ప్రాణం కాపాడింది అని చెప్పింది. ఆ పిల్ల వంగి నా కాళ్ళకి దణ్ణం పెట్టింది. నేను దీవించాను. దీవించాను చూడండి.

పైడి తప్పుగా అర్థం చేసుకోలేదు. నేనే, తెలిసి, తప్పు చెప్పాను. దానికి చెప్పే ధైర్యం ఇంకా రాలేదు, మీకు చెప్పాను. కొంచెం తేలిగ్గా ఉంది. తేలిగ్గా ఉన్నందుకు కూడా సిగ్గుగానే ఉంది.