మంచి రీడింగు మీద అనుమానం

కోవిడ్ సద్దుమణిగిన మరుసటి వేసవిలో, ప్రభుత్వ సర్వీసు ముగించుకుని, రేణిగుంట దగ్గర ఒక గోదాముల కంపెనీలో మెడికల్ ఆఫీసరుగా చేరాను. కొత్తగా తీసుకునేవాళ్లను పరీక్షించి ‘ఫిట్’ అనో ‘అన్‌ఫిట్’ అనో రాయడం నా పని. ఫోర్క్‌లిఫ్ట్, అంటే సరుకు ఎత్తే బండి, నడిపేవాళ్ల విషయంలో మరీ జాగ్రత్తగా ఉండాలి. బండి మీదున్నవాడికి కళ్లు తిరిగితే కింద నడిచేవాడికీ ముప్పే.

ఉద్యోగ పరీక్షకు వచ్చిన కుర్రాళ్లకు భయంతోనే బీపీ కాస్త పెరుగుతుంది. కాసేపు కూర్చోబెట్టి మళ్లీ చూస్తాం. కార్వేటినగరం నుంచి వచ్చిన మురళికి, పాతికేళ్లు కూడా నిండనివాడికి, మొదటిసారే బీపీ పుస్తకంలో రాసినట్టు సరిగ్గా వచ్చింది. నుదుటి మీద చెమట, నాడి మాత్రం నిద్రపోతున్న మనిషిలా మరీ నిదానం. రోజూ పరుగెత్తేవాళ్లకు అలా ఉండొచ్చు. ఆటలాడతావా అంటే లేదన్నాడు. ఇంట్లో ఎవరికైనా బీపీ ఉందా అన్నాను.

“ఎవురికీ లేదు సార్,” అన్నాడు, నా ప్రశ్న పూర్తికాకుండానే.

నాకు ముందునుంచీ అనుమానం పాలు ఎక్కువ. ఇంట్లో వాళ్లు కూడా దెప్పుతుంటారు. గది చీకటి చేయించి, కంటి వెనక పొరను చూసే పరికరం తీసుకున్నాను. ఒంట్లో రక్తనాళాలను కోయకుండా నేరుగా చూడగలిగే చోటు అదే. అవి సన్నబడి ఉన్నాయి. ఆ వయసులో అలా ఉన్నాయంటే చాలాకాలంగా బీపీ ఉందనే అర్థం. మాత్ర వేస్తే అంకె దిగుతుంది, కొన్ని రకాలకు నాడి కూడా నెమ్మదిస్తుంది. కంట్లో గుర్తు మాత్రం ఒక్కపూటలో చెరగదు.

పొద్దున ఏం మాత్ర వేసుకున్నావని అడిగాను.

“మా నాయన బీపీ మాత్ర సార్. ఆయనకు పచ్చవాతం వచ్చి మంచంలో ఉండాడు. పరీచ్చకు పొయ్యేవాళ్లంతా అట్లే ఏసుకుంటారని మావాళ్లు చెప్పినారు. ఈ పని రాకుంటే ఇల్లు గడవదు సార్.”

కోపమూ వచ్చింది, జాలీ వేసింది. తండ్రి నుంచి వచ్చిన జబ్బును తండ్రి మాత్రతోనే కప్పిపెట్టాడు. ‘తాత్కాలికంగా అన్‌ఫిట్’ అని రాసి, గుండె, మూత్రపిండాల పరీక్షలు చేయించుకుని, మందు మొదలుపెట్టి నెల తర్వాత రమ్మన్నాను. రాలేదు.

కొన్నాళ్లకు రేణిగుంటలో బస్సు కోసం నిలబడితే ఎదురుపడ్డాడు. ఒంటి మీద వేరే కంపెనీ యూనిఫాం. బండి నడుపుతున్నాడట. మందు వాడుతున్నావా అన్నాను.

“ఆడ పరీచ్చ అయిపోయింది గదా సార్, ఇంక దేనికి? రీడింగు సూసి, బాగుండాదని రాసేసినారు.”

మందు మానొద్దని చెప్తూనే ఉన్నాను, బస్సెక్కేశాడు.

మర్నాడే మేనేజరుతో వాదించి ఒక పద్ధతి పెట్టించాను. బీపీ ఉందని బయటపెట్టిన కుర్రాడికి అది అదుపులోకి వచ్చేదాకా బండి ఇవ్వకుండా వేరే పని ఇవ్వాలి. అతని స్థానంలో ఇంకొకరిని తీసుకోకూడదు. ఆ సంగతి కుర్రాళ్లకు తెలిశాక, తండ్రుల జబ్బులు, మేనమామల జబ్బులు నా బల్ల ముందు ఒక్కొక్కటే బయటికొచ్చాయి.

అన్‌ఫిట్ అని రాస్తే డాక్టరు బాధ్యత తీరుతుంది, జబ్బు ఇంకో కంపెనీ గేటు వెతుక్కుంటుంది. నిజం చెప్తే కూడు పోయే చోట ఏ రీడింగునూ నమ్మకూడదని నాకు తెలిసింది అప్పుడే.