చాపెల్‌ని మెచ్చుకున్న టీచరమ్మ

మా టీచరమ్మ పోయిందన్న కబురు నాకు ఒక ఫ్లెక్సీ బొమ్మగా వచ్చింది. పొద్దున ఇడ్లీ వాయి దించుతుంటే ఫోన్ మోగింది. చూస్తే సూరత్‌లోని మా తెలుగు సమాజం గ్రూపులో ఆమె ఫొటో. చుట్టూ గులాబీలు, అటూ ఇటూ దీపాలు, పైన ఎగిరే పావురాలు. కింద వరసగా సంతాపం తెలుపుతున్న పెద్దమనుషుల ఫొటోలు. ఆమె కంటే అధ్యక్షుడి బొమ్మే పెద్దది. "శ్రద్ధాంజలి" అన్న మాటలో ఒత్తు ఎగిరిపోయింది. నాకు ఏడుపు తర్వాత వచ్చింది. ముందు ఒళ్లు మండింది. ముప్పై ఏళ్లకు పైగా ఈ ఊళ్లో మా పిల్లలకు ఒత్తులు నేర్పిన మనిషిని ఒత్తు లేకుండా సాగనంపారు.

ముందురోజు మధ్యాహ్నం అన్నం తిని కుర్చీలో ఒరిగిందట. పక్కింటామె మజ్జిగ ఇద్దామని పోయి పిలిస్తే పలకలేదట. అంతే.

సంతాప సభ మా పేట ఉధ్నాలో మా వాళ్ల కల్యాణ మండపంలో పెట్టారు. అధ్యక్షుడు మైకు పట్టుకుని, "ఆమె మృదుభాషి, శాంతమూర్తి" అన్నాడు. వెనక కూర్చున్న ఆమె పాత విద్యార్థులం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఆయన వేరే ఎవరి గురించో రాయించుకున్న కాగితం తెచ్చాడేమో అనిపించింది. మా తెలుగు మీడియం బడికి అటు మగ్గాలు, ఇటు మగ్గాలు. పవర్‌లూమ్‌ల మోతకు కిటికీ చువ్వలు అదిరేవి. ఆ మోత మీద మాకు గుణింతాలు వినిపించాలంటే అరవాల్సిందే. అరిచి అరిచి ఆమె గొంతు బొంగురుపోయి, అలాగే ఉండిపోయింది. కూరగాయలు కొన్నా అరుపే, పలకరించినా అరుపే. ఇక తిట్టడం మొదలుపెడితే సమాజం వాళ్లు పారిపోవడానికి చెప్పులు వెతుక్కునేవారు. "మెచ్చుకోవడానికి తొందరేముందే? తిట్టాల్సినోళ్లే ఇంకా అయిపోలే" అనేది.

కానీ ఆమె మృదువుగా మాట్లాడిన చోటు నిజంగానే ఒకటుంది. అది అధ్యక్షుడికి తెలియదు. నాకు తెలుసు.

నేను పక్క పేట నవాగామ్‌లో టిఫిన్ సెంటర్ నడుపుతాను. కొన్నేళ్ల కింద పల్సానా వెళ్లే దారిలో, చెరుకు తోటల మధ్య ఒక ప్రైవేటు యూనివర్సిటీ లేచింది. దాని క్యాంటీన్లో దోసెల కౌంటర్ నాకు దొరికింది. పేరులో ప్రపంచమంతా ఉంటుంది గానీ నీళ్లకు మాత్రం ట్యాంకర్ రావాలి. అద్దాల భవనాలు, ఎండకు మాడిపోయిన లాను, ఎవరూ చదవని లైబ్రరీ. ఈ దండగమారి కట్టడాల వెనకాల, ఎవరి బుద్ధి బాగుండి కట్టారో గానీ, ఒక చాపెల్, అదే ప్రార్థన గది, ఉంది. పేరుకే చాపెల్. సిలువ లేదు, విగ్రహం లేదు. ఏ మతం వాళ్లైనా కూర్చోవచ్చని గుమ్మం పక్కన రాసి పెట్టారు. రంగు వేయని సిమెంటు గోడలు. లోపల నల్లరాతి నేల, కొన్ని చెక్క బల్లలు. కప్పు ఒక పక్క గోడను తాకకుండా సన్నటి సందు వదిలారు. ఆ సందులోంచి ఎండ గోడ మీదికి దిగి, పొద్దుతోపాటు జరుగుతూ ఉంటుంది. గోడల మందానికో మరి దేనికో, బయట హైవే లారీల చప్పుడు కూడా లోపలికి రాదు.

టీచరమ్మ అప్పటికే రిటైర్ అయింది. ఉధ్నాలో మగ్గాల కార్ఖానా పైన అద్దె గదిలో ఒక్కతే ఉండేది. నేను ఈ చాపెల్ గురించి చెప్తే మూతి విరిచింది.

"డబ్బున్నోళ్లు దేవుణ్ణి గూడ సెంట్రల్ ఏసీలో పెట్టిన్రా ఏంది?"

"ఏసీ లేదు టీచర్. ఏమీ లేదు. గదే బాగుంటది."

"ఏమీ లేనిదాన్ని చూడనీకి అంత దూరం పోవాల్నా?" అంది గానీ మరునాడు చీర మార్చుకుని తయారుగా నిలబడింది.

ఆ రోజు ఆమె లోపలికి పోయి కూర్చుంది. నేను తిట్టు కోసం ఎదురుచూశాను. ఆమె చాలాసేపు ఎండ చార గోడ మీద జరగడం చూస్తూ ఉంది. తర్వాత నా వైపు తిరిగి, "ఇది మనల్ని ఏమీ అడుగుతలేదే" అంది. ఆ మాట మెల్లగా అంది. గొంతులో బొంగురు లేదు. ఇరవై ఏళ్లకు పైగా ఎరిగిన మనిషి అసలు గొంతు నేను అప్పుడు విన్నాను. సన్నటి గొంతు, కొంచెం చిన్నపిల్ల గొంతులాగా. అలా మాట్లాడగలనని ఆమెకే గుర్తులేదేమో, తన మాట తనకు వినిపించి నవ్వింది.

అప్పట్నుంచి సోమవారాలు నా స్కూటర్ మీద నాతో వచ్చేది. నేను కౌంటర్లో ఉంటే ఆమె చాపెల్లో ఉండేది. గేటు వాచ్‌మన్ ఆమెను ఏదో పెద్ద ప్రొఫెసర్ అనుకుని సెల్యూట్ కొట్టేవాడు. ఆమె అలాగే అనుకోనిచ్చింది.

మధ్యాహ్నం పూట అక్కడికి ఇంకొందరు వచ్చేవారు. క్యాంపస్ ఊడ్చే ఆడవాళ్లు. వాళ్లలో పెద్దది సవితాబెన్. మొదట గుమ్మం బయట మెట్ల మీద కూర్చునేవారు. టీచరమ్మ బోర్డు చూపించి, "ఎవరైనా కూర్చోవచ్చని రాసిన్రు. మీరు ఎవరో ఒకరే గద" అని హిందీలో చెప్పి లోపలికి తీసుకుపోయింది. వాళ్లు వెనక బల్లల దగ్గర చల్లటి రాయి మీద కాళ్లు చాపుకుని కూర్చునేవారు. కొందరు కునుకు తీసేవారు. ఎవరూ మాట్లాడేవారు కాదు. పొద్దున్నుంచి ఎండలో వంగిన నడుములు. మాట్లాడే ఓపిక ఎక్కడిది?

ఇదంతా ఎవరి కంటా పడనంత కాలం బాగానే సాగింది. తర్వాత ఏదో పత్రికలో ఆ కట్టడం ఫొటో వచ్చింది. ఇక మొదలైంది జాతర. మెడలో కెమెరాలు వేసుకున్నవాళ్లు, పెళ్లికి ముందు ఫొటోలు దిగే జంటలు, నార బట్టలు కట్టుకుని గోడను చేత్తో నిమిరి కళ్లు మూసుకునేవాళ్లు. ప్రశాంతత కోసమే వచ్చామంటారు. కళ్లు తెరవగానే ఫొటో బాగా వచ్చిందా అని అడుగుతారు. ఒకాయన నా కౌంటర్ దగ్గరికొచ్చి మసాలా దోసె తింటూ, అక్కడి శూన్యం తనను కదిలించిందని చెప్పి, చట్నీ ఇంకొంచెం వేయమన్నాడు. వేశాను.

వీళ్లందరికీ పెద్ద దిక్కు యూనివర్సిటీ డైరెక్టర్. ఆయన ఒక సోమవారం బయటి ఊళ్ల అతిథులను వెంటబెట్టుకొచ్చాడు. మౌనం గొప్పదనం మీద చాపెల్లో ఉపన్యాసం. దానికి కాలర్ మైకు. గోడలకు రెండు స్పీకర్లు. నేను చాయ్ ట్రే మోసుకుని లోపలికి వెళ్లేసరికి ఆయన మంచి ఊపు మీదున్నాడు. "ఈ గదిలో మనిషి తనను తాను వింటాడు" అంటున్నాడు. స్పీకర్ కూయ్‌మంది. మనిషి తనను తాను వినడం సంగతేమో గానీ ఆయన మాత్రం తనను తాను బాగా వింటున్నాడు.

అంతలో వెనక పడుకున్న ఆడవాళ్లు ఆయన కంట పడ్డారు. మాట ఆపి, సెక్యూరిటీని పిలిచి, "వీళ్లను బయటికి పంపండి. మౌనానికి భంగం కలుగుతోంది" అన్నాడు. మైకు తీయడం మరిచాడు. ఆ మాట రెండు స్పీకర్లలోనూ వచ్చింది.

సవితాబెన్ ఉలిక్కిపడి లేచి కొంగు సర్దుకుంది. టీచరమ్మ ముందు బల్ల మీదుంది. లేచింది. బడి గొంతు వస్తుందనుకుని నేను ట్రే గట్టిగా పట్టుకున్నాను. కానీ ఆమె అరవలేదు. ఆ గదిలో మాట్లాడే సన్నటి గొంతుతోనే, హిందీలో, ఒక్కో మాటా విడివిడిగా అంది.

"మీరు వచ్చినప్పటి నుంచి నోరు మూయలేదు. వీళ్లు వచ్చినప్పటి నుంచి నోరు తెరవలేదు. బయటికి పోవాల్సింది ఎవరో మీరే చెప్పండి."

అతిథుల్లో ఒకామె ఫక్కున నవ్వి చేయి అడ్డం పెట్టుకుంది. డైరెక్టర్ మొహం కందింది.

"మీరెవరు? ఎవరి తరఫున వచ్చారు?"

"ఆ చాయ్ పట్టుకుని నిలబడ్డ పిల్లకు టీచర్ని."

అందరూ నన్ను చూశారు. నేను వెళ్లి ట్రే పక్కన పెట్టి ఆమె పక్కన నిలబడ్డాను. ఇంకేం చేస్తాను? సెక్యూరిటీ వాళ్లు తలుపు చూపిస్తే అందరం బయటికి పోయాం. దారిలో టీచరమ్మ తెలుగులో, మామూలు గొంతుతో అంది: "మౌనం మీద ఉపన్యాసమట! ఒక్కపొద్దు మీద విందు పెట్టినట్టున్నది."

అక్కడితో కథ అయిపోతే ఆమె విజయం అని నేను కూడా ఫ్లెక్సీ వేయించేదాన్ని. కానీ చాపెల్ గుమ్మానికి కార్డు చూపిస్తేనే తెరుచుకునే తలుపు వచ్చింది. ఎవరైనా కూర్చోవచ్చన్న బోర్డు మాత్రం తీయలేదు, అదొక అలంకారంగా ఉంది. నా దోసెల కౌంటర్ ఇంకొకరికి పోయింది. ఊడ్చేవాళ్లు మధ్యాహ్నం ఏ భవనం వరండాలోనూ కూర్చోకూడదని హుకుం వచ్చింది.

నా సామాను తెచ్చుకోవడానికి వెళ్లిన రోజు టీచరమ్మ కూడా వచ్చింది. గేటు దగ్గర సవితాబెన్ ఎదురైంది. కృతజ్ఞత చెబుతుందేమో అనుకున్నాను. ఆమె చీపురు కింద పెట్టి, "మాకోసం మాట్లాడమని మేం అడిగామా?" అంది. "మీరు అనాల్సింది అనేసి స్కూటర్ ఎక్కి వెళ్లారు. మాకు ఉన్న నీడ పోయింది. ఇప్పుడు గోడవతల ఎండలో తింటున్నాం."

ఎప్పుడూ మాటకు మాట అప్పజెప్పే టీచరమ్మ ఆ రోజు మాత్రం, "నిజమే. నా నోటి సుఖం కోసం మాట్లాడిన. మాఫ్ చెయ్యి" అని ఆమె చేయి పట్టుకుంది. ఎవరినైనా మాఫ్ చెయ్యమని ఆమె అడగడం నేను చూడలేదు, అంతకుముందు గానీ ఆ తర్వాత గానీ.

ఆ సాయంత్రమే యూనివర్సిటీ గోడకు ఎదురుగా ఉన్న చెరుకు తోట యజమానిని వెతుక్కుంటూ పోయింది. ఆయనకు అక్కడ బెల్లం వండే షెడ్డు ఉంది. సీజను కాని రోజుల్లో ఖాళీ. ఎవరినీ లెక్కచేయని మనిషి ఆ రైతు ముందు నిలబడి, వచ్చీరాని గుజరాతీలో బతిమాలింది. ఆయన ఒప్పుకోలేదు. మళ్లీ పోయింది. మూడోసారికి ఆయన భార్య జాలిపడి తాళంచెవి ఇచ్చింది. అప్పట్నుంచి ఊడ్చేవాళ్ల మధ్యాహ్నాలు ఆ షెడ్డులో. అక్కడ వాళ్లు మౌనంగా ఏమీ లేరు. రొట్టెలు పంచుకుంటారు, అత్తలను తిడతారు, పడీపడీ నవ్వుతారు. సోమవారాలు టీచరమ్మ వాళ్ల మధ్య కూర్చుని, అర్థమైనంత మేరకు ఆ అత్తలను తనూ తిట్టేది.

"చాపెల్ యాదికొస్తదా టీచర్?" అని ఒకసారి అడిగాను.

"ఎందుకు రాదే? మస్తు యాదికొస్తది. గసొంటి గది మళ్ల చూడను. కట్టినోడు మంచోడు. పట్టుకున్నోళ్లు లఫంగలు." కోపంలో కూడా ఆ గోడను ఒక్క మాట అనలేదు.

ఆ తర్వాత ఉధ్నా స్టేషన్ బయట యూనివర్సిటీ అడ్మిషన్ల హోర్డింగ్ లేచింది. అందులో చాపెల్. గోడ మీద ఎండ, బల్ల మీద ఒంటరిగా కూర్చున్న ఒక ముసలామె వీపు. ఎప్పుడో ఏ విద్యార్థో తీసిన ఫొటో. అది మా టీచరమ్మ. గెంటేసిన మనిషి వీపుతో ప్రశాంతత అమ్ముతున్నారు. నేను కంప్లైంట్ ఇద్దామన్నాను. ఆమె కింద నిలబడి పైకి కిందికి చూసింది.

"వీపు మంచిగనే వచ్చింది. మొహం పెడితే ఒక్క అడ్మిషన్ గూడ రాదని భయపడ్డరు."

సంతాప సభకు ఆ యూనివర్సిటీ నుంచి పూలదండ వచ్చింది. పూల కంటే మధ్యలో ముద్ర పెద్దది. అధ్యక్షుడు దాన్ని కళ్లకద్దుకుని ఫొటో ముందు పెట్టాడు, మైకులో రెండుసార్లు చెప్పాడు. నేను లేచి బయటికొచ్చాను. మెట్ల దగ్గర సవితాబెన్ ఉంది, యూనిఫాం మీదే వచ్చింది. లోపలికి రమ్మంటే వద్దంది. "అక్కడ చాలా గోలగా ఉంది" అంది. ఇద్దరం చెప్పుల పక్కన కూర్చున్నాం. ఏడుపు నాకు అప్పుడొచ్చింది.

ఆమెను తలచుకుంటే నాకు చాపెల్ కంటే తిరుగు ప్రయాణమే ముందుగా కళ్లకు కడుతుంది. వెనక సీటు మీద పక్కకు తిరిగి కూర్చుని, ఎండకు గొడుగు తెరిచేది. స్కూటర్ మీద గొడుగేంది టీచర్ అంటే వినేది కాదు. పల్సానా నుంచి ఉధ్నా దాకా దారిలో వచ్చిన ప్రతి బోర్డునూ పెద్దగా చదివి, ప్రతి దాన్నీ తిట్టేది. చీరల షోరూమును, జ్యోతిష్యుణ్ణి, దంతవైద్యుణ్ణి, ఎమ్మెల్యే పుట్టినరోజును. ఫ్లైఓవర్ ఎక్కగానే గాలికి గొడుగు వెనక్కి తిరగబడి గిన్నెలా అయ్యేది. ఆమె దాన్ని అలాగే ఎత్తి పట్టుకుని, గాలిని కూడా నాలుగు తిట్టి, తర్వాతి బోర్డు అందుకునేది.