నందికొండ ఘాట్ మీద సెకండ్ గేరు

మా ఆయన గురించి కల్వకుర్తి అడ్డా మీద అందరూ ఒకటే మాట చెప్పేవాళ్లు. డీజిల్ పొదుపు చేయడంలో ఆయనను మించినవాడు లేడని. అది నిజమే. అయితే ఎలా పొదుపు చేస్తాడో తెలిస్తే ఆ మెచ్చుకున్నవాళ్లు ఆయన లారీ ముందు సైకిలు కూడా తొక్కరు. దిగుడు కనబడితే చాలు, గేరు తీసి న్యూట్రల్‌లో పడేసేవాడు. ఇంజిన్ గురక పెట్టి పడుకునేది, పది టన్నుల బరువు తనంతట తాను కిందికి ఉరికేది. ఆయన మాత్రం మోచెయ్యి కిటికీ మీద పెట్టుకుని పెండ్లికి పోతున్నట్టు కూర్చునేవాడు.

ఆయన ఒక్కడే అలా అని కాదు. మా వైపు లారీ నడిపేవాళ్లందరిదీ అదే అలవాటు. కల్వకుర్తి నుంచి దేవరకొండ దాకా దారి అంతా ఎక్కుడూ దిగుడే. ఎక్కినప్పుడు తాగిన డీజిల్‌ను దిగినప్పుడు మిగుల్చుకోవాలని వాళ్ల లెక్క. న్యూట్రల్ కొట్టనివాడు డ్రైవరే కాదన్నట్టు మాట్లాడుకునేవాళ్లు.

నేను బండి నేర్చుకున్నది లారీ మీద కాదు, మా బాపు ట్రాక్టర్ మీద. మా చేను గుట్ట వాలులో ఉండేది. పల్లికాయ నింపిన ట్రాలీని వెనక కట్టుకుని ఆ వాలు దిగాలి. ట్రాలీకి బ్రేకులు ఉండవు. ట్రాక్టర్ బ్రేకు తొక్కితే వెనక ట్రాలీ వచ్చి నెడుతుంది, బండి అడ్డం తిరుగుతుంది. కాబట్టి బరువును ఆపాల్సింది ఇంజినే. మా బాపు నన్ను సీట్లో కూర్చోబెట్టి, తాను మడ్‌గార్డు మీద కూర్చుని ఒక్కటే చెప్పాడు.

"బిడ్డా, కిందికి ఉరుకుడు షురువైనంక గేర్ ఎతికితే దొరకది. పైన్నే ఏసుకోని దిగు."

అంతే నా చదువు. అది నా ఒంట్లో ఎంతగా ఇంకిపోయిందంటే, పెండ్లయి వచ్చాక మా ఆయన పక్క సీట్లో కూర్చుని మొదటిసారి న్యూట్రల్ దిగుడు చూసినప్పుడు నా చెయ్యి దానంతటదే గేరు రాడ్డు మీదికి పోయింది. చెప్పాను. నవ్వాడు. ఆ తర్వాత కూడా చాలాసార్లు చెప్పాను, చాలాసార్లు నవ్వాడు.

తెలంగాణ వచ్చిన కొద్ది కాలానికే ఆయన కాలు పోయింది. పోయింది అంటే తెగిపోలేదు. పత్తి లోడు మీద టార్పాలిన్ కట్టి తాడు బిగిస్తుండగా జారి కింద పడ్డాడు. ఎడమ మోకాలు రెండుగా పలిగింది. హైదరాబాద్ దవాఖానలో కడ్డీ వేశారు. నడవొచ్చు కానీ లారీ క్లచ్ తొక్కే పని మరిచిపొమ్మని డాక్టర్ చెప్పాడు. ఎడమ కాలు లేని డ్రైవర్ అంటే గొంతు లేని పాటగాడే. బస్సులో ఇంటిదాకా ఆయన డ్రైవర్ కాళ్లవైపే చూస్తూ కూర్చున్నాడు.

జీతానికి డ్రైవర్లను పెట్టి చూశాం. ఒకాయన కాలు క్లచ్ పెడల్ మీదినుంచి తీసేవాడే కాదు, అది ఆయనకు కాళ్లపీట. క్లచ్ ప్లేటు కాలిన కంపు మా వాకిట్లోకి వచ్చేది. ఇంకొకాయన గేరు వేస్తుంటే పళ్లు పటపటమని కొరికినట్టు చప్పుడయ్యేది. ఆ చప్పుడు విన్నప్పుడల్లా మా ఆయన కుర్చీలోంచి సగం లేచి మళ్లీ కూలబడేవాడు. చివరికి ఒకరోజు అన్నం తింటూ, బండి అమ్మేస్తానని, ఆత్మకూర్‌లో వడ్ల వ్యాపారి ఒకాయన కొంటానన్నాడని, వచ్చే వారం చూడటానికి వస్తాడని మెల్లగా చెప్పాడు.

నాకు మండిపోయింది. మా బాపు నాకు రాసిచ్చిన మెట్ట చెలక అమ్మి కొన్న లారీ అది. ఇంకో ఆస్తి లేదు మాకు. అది పోతే ఆయన ఇంకొకరి బండికి కూలికి పోలేడు, నేను ఇంకొకరి చేనుకు కూలికి పోవాలి. నాకు కూలి అంటే సిగ్గు లేదు. కానీ నా చెలక నాలుగు చక్రాల మీద వెళ్లిపోతుంటే చూస్తూ నిలబడటం నా వల్ల కాదు. ఆ సంగతి ఆయన ముఖం మీదే చెప్పాను.

"అమ్ముడెందుకు? నేను నడుపుత."

"ట్రాక్టర్ నడిపినట్టు కాదే లారీ అంటే."

"కాదు మరి. లారీకి బ్రేకులుంటయి గద."

నేనేమీ గాలిమాట అనలేదు. ఆయన మంచం మీద ఉన్న రోజుల్లోనే పట్టుబట్టి పెద్ద బండి లైసెన్సు తెచ్చుకున్నాను. పరీక్ష పెట్టిన అధికారి నన్ను చూసి, ఎవరితో వచ్చావమ్మా అని అడిగాడు. లారీతో వచ్చానని చెప్పాను. ఖాళీ బండిని ఊరి చుట్టూ తిప్పుతూనే ఉన్నాను. లోడుతో దూరం పోవడం ఒక్కటే మిగిలింది.

మా ఆయన చాలాసేపు పళ్లెంలో వేళ్లు తిప్పాడు. తర్వాత పందెం లాంటిది పెట్టాడు. మాచర్ల అవతలి దాణా మిల్లుకు మక్కజొన్నల లోడు ఉంది, తాను పక్క సీట్లో కూర్చుంటాడు, నేను నడపాలి.

"నందికొండ ఘాట్‌ల నా నోట్లకెళ్లి బ్రేక్ అన్న మాట ఒక్కసారి వచ్చిందనుకో, బండి ఆత్మకూరాయనది. మల్ల నా మీద ఏడ్వద్దు."

సరే అన్నాను.

మార్కెట్ యార్డులో హమాలీలు బస్తాలు ఎత్తుతూ మా ఇద్దరినీ ఆడుకున్నారు. అక్క నడుపుతే బావ ఇగ క్లీనరేనా అని ఒకడు, బావకు పొద్దుకు రెండుసార్లు చాయ్ పోయించు అక్కా అని ఇంకొకడు. మా ఆయన నవ్వినట్టు చేశాడు. తాళాలు నా చేతిలో పెట్టి, పక్క తలుపు వైపు నడిచి, సీటు ఎక్కడానికి కుడికాలు ముందు పెట్టాలా ఎడమకాలా అని ఒక క్షణం ఆగాడు. ఆ వైపునుంచి ఆయనకు ఎక్కే అలవాటు లేదు.

బండి కదిలాక నాకు భయం పోయింది. అసలు ఉందని కూడా చెప్పలేను. లోడు బండి నడపడమంటే చెవితో చేసే పని. ఇంజిన్ మూలగకముందే కింది గేరు వేయాలి, మూలిగాక వేస్తే అది ఎక్కడానికి కాదు, బతిమాలడానికి. మా ఆయన డీజిల్ కోసం టాప్ గేరు పట్టుకుని వేలాడేవాడు, బండి వణికినా వదిలేవాడు కాదు. నేను ఎక్కుడు మొదలవకముందే ఒక గేరు తగ్గించుకుని సాఫీగా ఎక్కించాను. దిగుడు వచ్చినప్పుడు గేరులోనే దిగాను.

"న్యూట్రల్ కొట్టు," అన్నాడు మొదటి దిగుడులో.

కొట్టలేదు. రెండో దిగుడులోనూ అన్నాడు. పందెంలో అనకూడని మాట బ్రేక్ ఒక్కటే, న్యూట్రల్ అనొచ్చని ఆయన లెక్క. నేను వినిపించుకోలేదు. దేవరకొండ దాటాక అనడం మానేశాడు. కానీ నేను గేరు మార్చిన ప్రతిసారీ పక్కనుంచి చిన్న చప్పుడు వస్తుంటే కిందికి చూశాను. ఆయన ఎడమ పాదం కాళ్లకింది రేకు మీద ఒత్తుతోంది. నేను క్లచ్ తొక్కినప్పుడల్లా తనూ తొక్కుతున్నాడు. మోకాలు నొప్పికి దవడ బిగుస్తోంది, అయినా తొక్కుతూనే ఉన్నాడు. తాను తొక్కుతున్నట్టు ఆయనకే తెలియదు. నాకు ఒక్కసారిగా బాధ కమ్ముకొచ్చింది. అప్పటిదాకా ఈ పందెం నా చెలక కోసమనే అనుకున్నాను. ఆయన పోగొట్టుకుంటున్నది ఏమిటో ఆ రేకు చప్పుడు విన్నాకే నాకు పట్టింది.

నందికొండలో హిల్ కాలనీ దాటాక ఘాట్ మొదలవుతుంది. ఒక పక్క గుట్ట, ఒక పక్క కిందుగా కృష్ణా నది, దాని మీద డ్యాము. దిగడానికి ముందు వెడల్పు చోటు చూసి బండి పూర్తిగా ఆపాను. బ్రేకుల గాలి మీటరు చూసుకున్నాను. సెకండ్ గేరు వేసుకుని వదిలాను. ఇంజిన్ హూంకరించింది. బండి నా మాట విన్నది, మనిషి నడిచినంత నింపాదిగా దిగసాగింది.

మా వెనక వస్తున్న లారీవాడికి ఓపిక లేదు. హారన్ మీద హారన్ కొట్టి పక్కనుంచి దాటిపోయాడు. పోయేటప్పుడు వాడి ఇంజిన్ చప్పుడు వినబడలేదు, టైర్ల రొద ఒక్కటే వినిపించింది. న్యూట్రల్‌లో ఉన్నాడు. కిటికీలోంచి నన్ను చూసి ఏదో అన్నాడు కూడా. మా ఆయన తల అటు తిప్పుకున్నాడు.

మూల తిరిగితే రోడ్డు మధ్యలో ఒక కారు. డ్యాము బాగా కనబడే చోటని అక్కడే ఆపి, ఆడా మగా దిగి ఫోటోలు తీసుకుంటున్నారు. ముందుపోయిన లారీవాడు బ్రేకు మీద నిలబడి ఉంటాడు, బండి ఆగలేదు. హారన్ కొడుతూ అవతలి పక్కకు కోసి, గుట్టను రాసుకుంటూ ఎలాగో బయటపడ్డాడు. ఎదురుగా ఏ బండీ రాకపోవడం ఆ కారువాళ్ల అదృష్టం. నేను సెకండ్‌లోనే ఉన్నాను కాబట్టి బండి అప్పటికే సగం ఆగినట్టే ఉంది. బ్రేకు ఒక్కసారి నింపాదిగా తొక్కాను. ఆఖరున క్లచ్ తొక్కాను. కారుకు బారెడు ఇవతల లారీ నిలబడింది.

మా ఆయన రెండు చేతులూ డాష్‌బోర్డు మీద ఆనించి ఉన్నాడు. నోరు మూసే ఉంది. కారువైపు చూడటం లేదు, నా పాదాలవైపు చూస్తున్నాడు.

ఘాట్ దిగి పైలాన్ కాలనీ దగ్గరికి వచ్చేసరికి ఆ లారీ పక్కన ఆగి ఉంది. చక్రాల బ్రేకు డ్రమ్ములనుంచి పొగ. డ్రైవర్ క్యానుతో నీళ్లు పోస్తుంటే సుయ్యిమని ఆవిరి లేస్తోంది. ఇది మావాళ్లందరూ చేసే తంతే. ప్రతి లారీకీ పక్కన నీళ్ల క్యాను కట్టి ఉంటుంది, ఘాట్ దిగాక డ్రమ్ములకు తాగించడానికి. ఎంత ఆవిరి లేస్తే అంత లోడు దించినట్టు గొప్ప చెప్పుకుంటారు. మా ఆయన కూడా అలవాటుగా దిగి, కుంటుతూ వెళ్లి మా క్యాను విప్పి, వెనక చక్రం దగ్గర వంగాడు. డ్రమ్ము దగ్గరికి అరచెయ్యి పోనిచ్చి ఆగాడు. తర్వాత చెయ్యి ఆనించాడు. తీయలేదు.

"చెయ్యి పెట్టనిస్తున్నయే," అన్నాడు. "గిన్నేండ్లల్ల ఒక్కసారి పెట్టనియ్యలే."

నాలుగు చక్రాలూ అలాగే తడిమి చూశాడు. ఆ నీళ్లతో ముఖం కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు. నేను సీటు దిగలేదు, పిలవనూ లేదు.

వచ్చి పక్క సీటు ఎక్కి ఫోను తీశాడు. నేను బండి స్టార్ట్ చేయబోతే ఆగమన్నట్టు చెయ్యి చూపాడు. ఆత్మకూరాయనకు కలిపాడు. వారం ఆలస్యమైనా వచ్చి బండి చూస్తానని అవతలినుంచి ఆయన అంటున్నట్టుంది, మా ఆయన మధ్యలోనే అడ్డుకున్నాడు.

"లేదన్న, బండి అమ్ముత లేము. నీ తొవ్వ దండుగ, రాకు." అవతలాయన ఇంకేదో అడిగాడు. "డ్రైవర్ దొరికింది. నా పెండ్లాం. నాకన్న మంచిగ నడుపుతది."

ఇన్నేళ్ల కాపురంలో ఆ మాట నాతో ఒక్కసారీ అన్నవాడు కాదు. ఫోను జేబులో పెట్టుకుని, నావైపు చూడకుండా, కిటికీ అద్దం దించి ఏటివైపు తిరిగి కూర్చున్నాడు. నేను కూడా ఆయనవైపు చూడలేదు. చూస్తే ఇద్దరం ఏడ్చేవాళ్లం, మక్కలు మధ్యాహ్నంలోగా మిల్లులో దించాలి.