గాజులకు చుట్టిన తెల్లగుడ్డ

మా నాయనను నంద్యాల ఆసుపత్రిలో చేర్చారన్న కబురు ఆళ్లగడ్డలో నాకు మొదట తెచ్చింది గాజులమ్మే మాబున్నీ. పొద్దున నంద్యాల బస్సు దిగి, గంపైనా దించకుండా మా గడపలో నిలబడింది.

"అక్కా, మీ నాయనకు దవడలు పట్టేసినాయంట. మాటల్లేవంట. బేగా పో" అంది.

ఆమె రాకపోతే ఆ మూడు రోజులు కూడా నాకు దక్కేవి కావు. ఆమె చల్లగా ఉండాలి.

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. దేవుడు నిండి ఉన్నచోట వాటికి తావెక్కడిదని మా నాయన అనేవాడు. నన్ను బడికి పంపలేదు గానీ, చేని పని ముగిశాక వసారాలో కూచోబెట్టి చదువు నేర్పింది ఆయనే. ఇప్పుడు ఇది రాస్తున్నది ఆ చదువుతోనే. అందుకని జరిగింది జరిగినట్టే చెబుతాను.

అది కర్నూలు మనకు రాజధానిగా ఉన్న కాలం. నాయనది నంద్యాల దగ్గర పల్లె. విత్తనం వేస్తుంటే గొర్రు మొన అరికాల్లో దిగింది. పసుపు అద్ది, గుడ్డ చుట్టుకుని మళ్ళీ చేనికి పోయాడు. ఎనిమిదో రోజుకు నోరు తెరుచుకోలేదు. అమ్మ అప్పటికే లేదు. నేనొక్కదాన్నే సంతానం. ఊరివాళ్ళే బండి కట్టి ఆసుపత్రికి చేర్చారు.

ఆయన నన్ను కోరింది ఒకటే. అమ్మ పోయిన రోజున, "ఆఖరున నాకు తులసి నీ చేత్తోనే పెట్టాలమ్మా" అన్నాడు. సరేనన్నాను. అందుకే బయలుదేరే ముందు మా పెరట్లోని నల్ల తులసి దళం ఒకటి తుంచి కొంగున ముడి వేసుకున్నాను.

ఆసుపత్రిలో తక్కిన వార్డుల్లో రోగి దగ్గర ఇంటిమనిషి ఒకరు ఉండొచ్చు. ధనుర్వాతం గదికి మాత్రం ఎవరినీ పోనివ్వరు. కిటికీలకు నల్లగుడ్డలు కట్టి ఉంటాయి. చప్పుడైనా, వెలుతురు పడినా, ఎవరైనా ముట్టుకున్నా రోగి ఒళ్ళు విల్లులా వంగిపోతుందట. సాయంత్రం నాలుగింటికి తలుపు అద్దంలోంచి ఒకసారి చూడనిస్తారు. అంతే. పెద్ద నర్సమ్మ ఇదంతా నెమ్మదిగానే చెప్పింది. నాకు కోపం రాలేదు. ఆయన మంచికే కదా.

ఆ అద్దం దాకా పోవాలన్నా గాజులు తీసేయాలి, గలగలమంటాయని. ముత్తైదువను, బోసి చేతులతో నాయన ఎదుట ఎలా నిలబడను? నేను వెనకాడుతుంటే ఆ గది చూసుకునే ఆయా రాజమ్మ గమనించింది.

"తియ్యొద్దులేమ్మా. చేతులిట్ట తే" అని, పుండ్లకు కట్టే తెల్లగుడ్డ చించి రెండు చేతుల గాజులకూ చుట్టి బిగించింది. "ఊపు చూద్దాం."

ఊపాను. చప్పుడు లేదు.

"ఇంగ నువ్వు దొంగతనానికి పోయినా దొరకవు" అంది.

ఆ సాయంత్రం అద్దంలోంచి చూశాను. చీకట్లో మంచం, దుప్పటి మీద ఆయన చెయ్యి. మొహం అటువైపు ఉంది. రెండో రోజూ అంతే.

మూడో రోజు పొద్దున రాజమ్మకు ముడి విప్పి తులసి చూపించాను. ఒక్క ఆకు పెట్టి వచ్చేస్తానని బతిమాలాను.

"యాడ పెడతావ్మా? పండ్లు కరుచుకోని ఉండాడు, నీళ్ళ చుక్క గూడ పోదు. నువ్వు ముట్టుకుంటే ఆయప్ప పడే బాధ నువ్వే చూళ్ళేవు" అంది. కసరలేదు. "నేనుండా కదా లోపల."

దళాన్ని మళ్ళీ కొంగున ముడి వేసుకుని, గేటు దగ్గర కాపలా తాత బల్ల మీద కూచున్నాను. ఆయన తన సంగటి ముద్దలో సగం తుంచి నా ముందు పెట్టాడు. నేను ముట్టలేదు. నా చేతులు చూసి అన్నాడు:

"ఏందమ్మా, రెండు చేతులకూ కట్లు కట్టుకోనుండావు. మొగున్ని కొట్టినావా ఏంది?"

మూడు రోజుల్లో మొదటిసారి నవ్వు వచ్చింది. నేనక్కడ నవ్వుతున్న వేళకే లోపల నాయన పోయాడు. పిలుపు వచ్చాక తెలిసింది.

ప్రాణం పోయాక దవడ వదులైంది. డాక్టరు చూస్తే నాలుక మీద నల్ల తులసి దళం ఉంది.

లోపలికి ఎవరిని రానిచ్చావని పెద్ద నర్సమ్మ రాజమ్మను నిలదీసింది. రాజమ్మ నా చేతులు చూపించింది.

"ఈయమ్మనే. నేను నీళ్ళు పట్టుకోని వచ్చేసరికి మంచం కాడ కూచోనుండాది. చీకట్లో మొగం కనపళ్ళేదు, నేను కట్టిన గుడ్డలు తెల్లగా కనపడినాయి. బయటికి పంపిద్దామనే అనుకున్యా. ఆమె చెయ్యి నొసటి మీద పెట్టుకోనుంటే ఆయప్ప ఒళ్ళు ఒక్కసారి గూడ వంగలేదు. అందుకే ఊరకుండినా."

నేను పోలేదన్నాను. నేను బల్ల మీంచి లేవనే లేదని కాపలా తాత కూడా చెప్పాడు. అప్పుడు కొంగు చూసుకున్నాను. ముడి నేను వేసింది వేసినట్టే బిగిసి ఉంది. విప్పాను. అందులో ఏమీ లేదు.

ఆయాను కాపాడడానికి మేమిద్దరం అబద్ధమాడుతున్నామని వాళ్ళు అనుకున్నారు. తాను ఎవరినీ చూడలేదని రాజమ్మ ఒక్కమాట అంటే సరిపోయేది. అనలేదు. ఆ రోజే ఆమెను పనిలోంచి తీసేశారు.

మెట్ల మీద కూచుని నా చేతుల గుడ్డలు ఆమే విప్పింది. నా వల్ల నీ కూడు పోయిందక్కా, అన్నాను.

"నువ్వు కాదంటే కాదేమోలే. ఆయప్ప ఒంటిగా పోలేదు. చూసినదాన్ని చూళ్ళేదని ఎట్ల చెప్పేది?" అంది.

తరువాత రెండుసార్లు నంద్యాల పోయి ఆమె కోసం అడిగాను. ఎక్కడికి పోయిందో కాపలా తాతకూ తెలియలేదు. ఆ మంచం దగ్గర కూచున్నది ఎవరో ఇప్పటికీ నాకు తెలియదు. అది నేనే అయితే, నాయన నొసలు ఎలా ఉందో నా చేతికి గుర్తుండాలి కదా. లేదు.

మా నాయనకు ఆఖరున తోడు దొరికింది. ఆయన కోసం నేనేమీ అడగను. ఇది చదివినవాళ్ళు దీపం పెట్టేటప్పుడో, ప్రార్థన చేసుకునేటప్పుడో ఆయా రాజమ్మను ఒకసారి తలుచుకోండి.